ఎండిన రంగు బిళ్ల

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగానికి రాత రూపం)

సంఘం కార్యదర్శి గారు నెల కిందట ఫోన్ చేసి, "స్ట్రక్చరల్ ఇంజనీరువి కదా, పాత కట్టడాల భద్రత గురించి ఒక పావుగంట మాట్లాడు" అన్నారు. "బొమ్మలు వేయడం గురించి మాట్లాడతానండి" అన్నాను. అటువైపు కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "సరే, కట్టడాలు కూడా ఒక ముక్క కలుపు" అన్నారు. కలుపుతాను. నా విషయంలో ఆ రెండూ ఎలా కలిశాయో చెప్పడానికే వచ్చాను.

నేను ఈ బడి నుంచి 1984లో పదో తరగతి పాసయ్యాను. అప్పట్లో హైదర్‌గూడ అంటే పాత ఎమ్మెల్యే క్వార్టర్సు, చింతచెట్లు, మధ్యాహ్నం పూట నిద్రపోయే సందులు. ఇంటి నుంచి నడిచే వచ్చేవాళ్లం. ఎటు చూసినా ప్రహరీ గోడల వెనక వరండా ఇళ్లు. గోడ మీద నుంచి చేతికందే జామకొమ్మ ఏ ఇంట్లో ఉందో మా అందరికీ తెలుసు.

ఎనిమిదో తరగతి నుంచి మాకు వారానికి రెండు డ్రాయింగు పీరియడ్లు. డ్రాయింగ్ సార్ కాచిగూడ నుంచి సైకిల్ మీద వచ్చేవారు. క్యారియరుకి చార్టులు, హ్యాండిల్‌కి ఒక హార్లిక్స్ సీసా. ఆ సీసా బ్రష్షులు కడగడానికి. మా దగ్గర ఉండేవి కేమెల్ కంపెనీ రంగు బిళ్లల పెట్టెలు. పన్నెండు బిళ్లలు, ఒక పలచటి బ్రష్షు. పెట్టెలో తెల్ల బిళ్ల ఒకటి ఉండేది. సార్ మొదటిరోజే అందరి పెట్టెల్లోంచీ దాన్ని తీయించేశారు. "కాగితం తెలుపే మీ తెలుపు. ఎక్కడ వదలాలో ముందే ఆలోచించుకోండి. తర్వాత తెలుపు పెడదామంటే కుదరదు" అన్నారు. వాటర్ కలర్ గురించి ఆ తర్వాత నేను చదివినవన్నీ, చూసిన వీడియోలన్నీ ఈ మూడు వాక్యాల చుట్టూనే తిరుగుతాయి.

టెక్నికల్ పరీక్ష లోయర్ గ్రేడు కోసం మా నలుగురిని ఆదివారాలు బయటికి తీసుకెళ్లేవారు. ఒకసారి చిక్కడపల్లి కూరగాయల మార్కెట్టుకి వెళ్లాం. నేను టమాటాల గుట్ట వేశాను. కింద నీడకు నల్లరంగు పూశాను. సార్ చూసి, "నీడ ఏ రంగు?" అన్నారు. "నలుపు సార్." "మళ్లీ చూడు." మళ్లీ చూశాను. పక్కన కొత్తిమీర కట్టలున్న వైపు నీడ పచ్చగా ఉంది, గోనెసంచి మీద పడినచోట ఊదాగా ఉంది. నలుపు ఎక్కడా లేదు. ఆ రోజు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ గుర్తుంది. పద్నాలుగేళ్లుగా రోజూ చూస్తున్న నీడను అప్పుడే మొదటిసారి చూసినట్టనిపించింది.

లోయర్ గ్రేడు పాసయ్యాను. తొమ్మిదో తరగతి అయిపోయింది. పదో తరగతిలో డ్రాయింగు పీరియడ్లు లెక్కల పీరియడ్లయ్యాయి. ఎవరూ తిట్టలేదు, ఎవరూ ఆపలేదు. మా నాన్నగారు ఒక్కమాట అనలేదు. టైంటేబుల్లో లేదు, అంతే. ఆ తర్వాత ఇంటర్, ఎంసెట్, ఇంజనీరింగు, ఉద్యోగం. రంగుల పెట్టె అటకెక్కింది. సార్ తన ఎనిమిదో నంబరు బ్రష్షు నాకు పరీక్ష కోసం ఇచ్చారు. అది తిరిగి ఇవ్వడం కూడా మర్చిపోయాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మనం ఆ రోజుల్లో నారాయణగూడ వైపు ఎన్నిసార్లు నడిచామో లెక్కలేదు. అక్కడే పి.టి. రెడ్డి గారి ఇల్లు 'సుధర్మ' ఉండేది. పాకాల తిరుమల్ రెడ్డి గారు 1915లో కరీంనగర్ ప్రాంతంలో పుట్టి, బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, దేశంలో ఆధునిక చిత్రకారుల మొదటి తరంలో ఒకరయ్యారు. 1996లో పోయేవరకు బొమ్మలు వేస్తూనే ఉన్నారు. ఆయన భార్య యశోదారెడ్డి గారు ఉస్మానియాలో తెలుగు ఆచార్యులు, తెలంగాణ పలుకుబడిలో గొప్ప కథలు రాసిన రచయిత్రి. మన బడికి నడక దూరంలో ఇలాంటి ఇల్లు ఉందని నాకు యాభై ఏళ్లు దాటాక తెలిసింది. దీపక్ టాకీసులో ఏ సినిమా ఆడుతోందో మాత్రం ఏ వారానికావారం తెలిసేది.

ఉద్యోగంలో నేను గీతలు వదల్లేదు. రంగులు వదిలాను. తొలి రోజుల్లో ట్రేసింగ్ పేపరు మీద రోట్రింగ్ పెన్నులతో గీసేవాళ్లం. తప్పు పడితే బ్లేడుతో గీకి మళ్లీ గీయడమే. ముప్పై ఏళ్లు నా చేతికి అలవాటైనది అదే: తప్పును గీకేయడం, కొలతకు తేవడం. తర్వాత కంప్యూటర్ వచ్చాక గీకే పని కూడా పోయింది, ఒక్క మీట నొక్కితే చాలు.

2020 ఏప్రిల్. లాక్‌డౌన్. సైట్లు లేవు, ఆఫీసు లేదు. మా ఆవిడ అటక సర్దమంది. ఒక రేకు ట్రంకులో నా పదో తరగతి హాల్ టికెట్టు, లోయర్ గ్రేడు సర్టిఫికెట్టు, వాటి కింద రంగుల పెట్టె కనిపించాయి. బిళ్లలు బీటలు వారి, బెరడులా ఎండిపోయి ఉన్నాయి. పారేద్దామనుకుంటూనే వేలు తడిపి నీలం బిళ్ల మీద రుద్దాను. వేలికి నీలం అంటుకుంది. ముప్పై ఆరేళ్ల తర్వాత!

ఇందులో మహిమ ఏమీ లేదు. వాటర్ కలర్ అంటే మెత్తగా నూరిన రంగుపొడి, దాన్ని పట్టి ఉంచే తుమ్మజాతి జిగురు. ఆ జిగురు ఎన్నేళ్లు ఎండినా నీళ్లు తగిలితే కరుగుతుంది. నూనె రంగు అలా కాదు, ఒకసారి గట్టిపడితే మళ్లీ మెత్తబడదు. కారణం తెలిసినంత మాత్రాన ఆ రోజు నాకు కలిగిన సంతోషం తగ్గలేదు.

ఆ నీలం సంగతి తర్వాత చదివాను. దాన్ని ప్రష్యన్ బ్లూ అంటారు. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో ఒకాయన ఎర్రరంగు చేయబోతే పొరపాటున నీలం వచ్చింది. ఇంజనీర్లు తరతరాలుగా వాడిన బ్లూప్రింటులో నీలం కూడా అదే పదార్థం. 1842లో జాన్ హెర్షెల్ ఆ పద్ధతి కనిపెట్టాడు. అసలు ఇంజనీర్లకూ వాటర్ కలర్లకూ చుట్టరికం పాతది. ఇంగ్లండులో వూలిచ్ సైనిక అకాడమీలో కోటల ఇంజనీర్లకు, ఫిరంగి దళాల వాళ్లకు బొమ్మలు నేర్పడానికి పాల్ శాండ్‌బీ అనే పేరున్న వాటర్ కలర్ చిత్రకారుణ్ణే పెట్టుకున్నారు. నేల ఎత్తుపల్లాలు చూసి కాగితం మీద పెట్టడం ఆ ఉద్యోగంలో భాగం. మన అమరావతి శిల్పాల బొమ్మలు వేయించి భద్రపరచిన కల్నల్ మెకంజీ కూడా ఇంజనీరే, 1815లో దేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. కాబట్టి నేను దారి తప్పలేదు, మా పాతింటికే వెళ్లానని మా ఆవిడకు నచ్చజెప్పాను.

కానీ మొదటి ఏడాది వేసినవన్నీ చెత్తబుట్టకే. స్కేలు పెట్టి పెన్సిల్ గీతలు గీసి, మధ్యలో రంగు నింపేవాణ్ణి. అవి బొమ్మల్లా ఉండేవి కావు, మున్సిపాలిటీకి పెట్టే ఎలివేషన్ డ్రాయింగుల్లా ఉండేవి. పలచటి కాగితం నీళ్లు తగలగానే అప్పడంలా ఉబ్బేది. రంగు తడిగా ఉన్నప్పుడు బాగుండేది, ఆరాక వెలిసినట్టయ్యేది. వెలిసిందని మళ్లీ పూస్తే బురదయ్యేది. నా ముప్పై ఏళ్ల చేతి అలవాటే నాకు అడ్డు. కనిపించిన ప్రతి తప్పునూ సరిచేయబోతాను. వాటర్ కలర్ సరిచేయనివ్వదు. "వేసిందాన్ని ఆరనివ్వు" అని సార్ అనేవారు. ఎనిమిదో తరగతిలో అది నాకు ఓపిక గురించిన మాటగా అనిపించింది. ఇప్పుడు తెలిసింది, అది పని పద్ధతి.

మెల్లగా కొన్ని దారికొచ్చాయి. నూలు కలిసిన 300 జీఎస్ఎం కాగితం కొన్నాను, అది ఉబ్బదు. రెండు గ్లాసుల నీళ్లు పెట్టుకోవడం నేర్చుకున్నాను, ఒకటి కడగడానికి, ఒకటి కలపడానికి. అల్ట్రామెరీన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఇటుక గోధుమ కలిపితే వచ్చే బూడిదరంగులో మన హైదరాబాదు మొత్తం ఉందని తెలిసింది. బండరాళ్లు, సున్నం వెలిసిన గోడలు, షాబాదు బండలు అన్నీ అందులోంచే వస్తాయి. మే నెల ఎండలో పూత రెండు నిమిషాల్లో ఆరిపోతుంది, బ్రష్షు పరిగెత్తాలి. వానాకాలంలో అరగంటైనా ఆరదు, మనం కూర్చోవాలి. ఏ నెలలో ఏ బొమ్మ వేయాలో ఊరే చెబుతుంది.

ఇక కార్యదర్శి గారడిగిన కట్టడాల సంగతి.

2022లో నా క్లాస్‌మేట్ ఒకడు ఫోన్ చేశాడు. హైదర్‌గూడలో వాళ్ల పాత ఇల్లు చూసి రిపోర్టు ఇవ్వమన్నాడు. వాడి పేరు చెప్పను, ఇక్కడే కూర్చున్నాడు. ఆ ఇల్లు మీలో చాలామందికి తెలుసు, నేను చెప్పిన జామకొమ్మ ఆ ఇంటిదే. ముందు వరండా, గుండ్రంగా తిరిగిన మేడ మూల, ఇనుప గడ్డర్ల మధ్య ఇటుక కమానులతో కప్పు, కింద షాబాదు బండలు. నలభై ఏళ్ల కిందట పైన ఒక కాంక్రీటు గది వేశారు. వాడి అమ్మగారిని మేమంతా పెద్దమ్మా అనేవాళ్లం. ఎనభై దాటింది. ఒక్కతే ఆ ఇంట్లో ఉంటోంది. అన్నదమ్ములు ముగ్గురూ ఇంటిని బిల్డరుకు ఇవ్వాలా, బాగుచేయించాలా అని తేల్చుకోలేక నన్ను పిలిచారు.

రెండురోజులు చూశాను. గడ్డర్లు తుప్పుపట్టి పొరలు పొరలుగా ఊడుతున్నాయి. ఇనుము తుప్పుపడితే పెరుగుతుంది, పెరిగి చుట్టూ ఉన్న ఇటుకనూ కాంక్రీటునూ పగలగొడుతుంది. పై గది స్లాబు తట్టి చూస్తే డొల్లగా మోగింది. ఈశాన్యం మూలన పునాది కుంగి, గోడ మీద ఏటవాలు పగులు పైదాకా పోయింది. పదిహేడు పగుళ్లు కొలిచి, ఫోటోలు తీసి, నంబర్లు వేసి రాశాను. నివాసానికి యోగ్యం కాదు, మరమ్మతు ఖర్చు గిట్టదు అని తేల్చాను. అది సరైన రిపోర్టు. ఈ రోజు రాసినా అదే రాస్తాను.

కానీ సంతకం పెట్టాక నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లలో ఇలాంటి రిపోర్టులు చాలా ఇచ్చాను. ఏ ఇల్లూ నేను జామకాయ కోసుకున్న ఇల్లు కాదు. ఆదివారం పొద్దున రంగులు తీసుకుని వెళ్లాను. "పెద్దమ్మా, ఇల్లు వేసుకుంటా" అన్నాను. "వేస్కో బిడ్డా, చాయ్ పెడత" అంది. మూడు ఆదివారాలు వరండా ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. మూడోవారం పూర్తయింది. అప్పటికి నేను వేసినవాటిలో అదే మంచిది. గోడ మీద పొద్దుటెండ, వరండాలో నీడ, ఆ నీడలో ఎక్కడా నలుపు లేదు. ఇదే సార్‌కి చూపించి ఉంటే బాగుండుననిపించింది.

పెద్దమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఏం బిడ్డా," అంది, "రిపోర్టుల అన్ని పగుళ్లే రాస్తివి. బొమ్మల ఒక్కటి గూడ లేదేంది?"

నా దగ్గర జవాబు లేదు. బాగుండాలని వదిలేశానని చెప్పాను.

"పగులు లేకుంటే అది మా ఇల్లెట్లయితది?" అంటూ లేచి, చేయి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకెళ్లింది. ఈశాన్యం మూల పగులు మీద వేలు పెట్టింది. పక్కింటివాళ్లు బోరు వేసిన ఎండాకాలం మొదలైందట. వాళ్లకు రాత్రంతా మిషను చప్పుడు, తెల్లారేసరికి గోడ మీద వెంట్రుకంత గీత. ఆ ఏడే పెద్దకొడుక్కి ఎంసెట్ ర్యాంకు వచ్చింది. వంటింటి గుమ్మం మీది పగులు, గుమ్మం పెద్దది చేయించినప్పుడు వచ్చింది. ఫ్రిజ్ లోపలికి పట్టక చేయించారు. అప్పుడు ఆమె భర్త ఉన్నారు. ఒక్కొక్క పగులుకూ ఆమె దగ్గర ఒక ఏడాది ఉంది. నా రిపోర్టులో 'పునాది అసమాన కుంగుబాటు' అని ఒక్క ముక్కలో రాశాను. ఎప్పుడు, ఎందుకు అన్నది ఆమెను అడగాలని నాకు తోచనే లేదు. రెండురోజులు ఆమె పెట్టిన చాయ్ తాగుతూ గోడను ఫోటోలు తీశాను.

ఆ రోజు నాకు రెండు తప్పులు ఒకేసారి కనిపించాయి. రిపోర్టులో పగుళ్లు చూసి ఇంటిని చూడలేదు. బొమ్మలో ఇంటిని చూసి పగుళ్లు దాచాను. నీడ నలుపు అని వేసిన పిల్లవాడే ఇంకా నాలో ఉన్నాడు. కాకపోతే ఈసారి నలుపు బదులు ఎండ పూశాడు.

ఇంటికొచ్చి ఆ బొమ్మకే పగులు కలపబోయాను. కుదరలేదు, పైన అతికించినట్టుంది. తర్వాతి ఆదివారం మళ్లీ వెళ్లి మొదటినుంచి వేశాను. పగులు వేయడం ఇంత కష్టమని అనుకోలేదు. కొలవడానికి గేజి ఉంది, మిల్లీమీటరులో ఎన్నో వంతో చెబుతుంది. వేయడానికి వస్తే అది గీత కాదు. లోపల చీకటి, ఒక అంచున సన్నటి వెలుగు, సున్నం ఊడినచోట కింద ఇటుక ఎరుపు. సార్ ఇచ్చిన ఎనిమిదో నంబరు బ్రష్షు వెంట్రుకలు సగం రాలిపోయాయి, కానీ కొన ఇంకా నిలుస్తుంది. దానితోనే వేశాను. పెద్దమ్మ పక్కన కుర్చీ వేసుకుని "ఇంకొంచెం మీదికి పోవాలె" అని చెబుతూనే ఉంది.

ఇప్పుడు అక్కడ అయిదంతస్తుల అపార్టుమెంటు ఉంది. పెద్దమ్మ రెండో అంతస్తులో ఉంటుంది. బొమ్మ హాల్లో స్విచ్‌బోర్డు పక్కన వేలాడుతోంది. ఎవరొచ్చినా దగ్గరికి తీసుకెళ్లి ముందు పగులే చూపిస్తుందని మావాడు చెబుతాడు.

అప్పటినుంచి ఏ పాత ఇంటికి వెళ్లినా ముందు ఇంట్లో పెద్దవాళ్లతో కూర్చుని, ఏ పగులు ఎప్పుడు వచ్చిందో అడిగి రాసుకుంటున్నాను. రిపోర్టులు మెరుగయ్యాయి. రెండు ఇళ్ల విషయంలో కారణం సరిగ్గా తెలిసి, కూల్చే పని తప్పి, మరమ్మతుతో సరిపోయింది. కొన్ని కూల్చక తప్పలేదు. వాటిని వీలైనంతవరకు ముందు కాగితం మీదికి ఎక్కిస్తున్నాను. హైదర్‌గూడ, నారాయణగూడ, చిక్కడపల్లి సందుల్లో ఇప్పటికి ఇరవై మూడు ఇళ్లు వేశాను. వాటిలో పద్నాలుగు ఇప్పుడు లేవు.

డ్రాయింగ్ సార్ కోసం వెతికాను. ఆలస్యమైంది. ఆయన పోయి చాలా ఏళ్లయిందని కాచిగూడలో వాళ్లబ్బాయి చెప్పారు. బ్రష్షు తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. "నాన్నగారు ఎవరికి ఏమిచ్చినా వాపసు అడిగేవారు కాదండి" అన్నారు.

చివరగా ఒక విన్నపం. ఇక్కడ ఉపాధ్యాయులున్నారు, సంఘం పెద్దలున్నారు.

రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో ఒకప్పుడు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ప్రిన్సిపాల్ ఉండేవారు. ఇంగ్లీషు చెప్పేవారు, తనూ వాటర్ కలర్లు వేసేవారు. దామెర్ల రామారావు అనే కుర్రవాడి బొమ్మలు చూసి, అతణ్ణి బొంబాయి జె.జె. స్కూలుకు పంపడానికి పూనుకున్నారు. 1925లో రామారావు మశూచితో పోయేనాటికి ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆ కొద్ది కాలంలోనే తెలుగు చిత్రకళకు ఒక దారి వేశాడు. అడివి బాపిరాజు గారు కూడా కూల్డ్రే శిష్యులే. ఒక మాస్టారు ఆగి చూడటం వల్ల జరిగింది ఇదంతా.

అందరూ రామారావులు కారు. నేను కాలేదు, నా ఇరవై మూడు బొమ్మలూ ఏ గ్యాలరీకీ పనికిరావు. కానీ చూడటం నేర్చుకుంటే ఇంజనీరు మంచి ఇంజనీరవుతాడని నా అనుభవం. నలభై ఏళ్లు ఆలస్యంగా నేర్చుకున్నాను.

ఈ మాట అనే హక్కు నాకు పూర్తిగా ఉందని చెప్పుకోలేను. మా అమ్మాయి చిన్నప్పుడు బాగా వేసేది. తొమ్మిదో తరగతిలో దాని డ్రాయింగు క్లాసు మాన్పించి కోచింగులో చేర్చింది నేనే. మా నాన్నగారు నన్ను ఆపలేదు, నేను మాత్రం దాన్ని ఆపాను. మొన్న వీడియో కాల్లో పెద్దమ్మ ఇంటి బొమ్మ చూపిస్తే, "బాగుంది నాన్నా" అని, కాసేపాగి, "నా రంగులు ఉన్నాయా?" అని అడిగింది. ఉన్నాయి. ఈసారి అటక నేను అడగకుండానే సర్దాను. వచ్చే నెల వస్తోంది.

అందుకే అడుగుతున్నాను. పదో తరగతికి డ్రాయింగు పీరియడు వారానికి ఒక్కటైనా ఉంచండి. లెక్కలకు ఇవ్వకండి. లెక్కల మాస్టారు నన్ను క్షమించాలి, ఆయన చెప్పిన లెక్కలతోనే నేను అన్నం తింటున్నాను. ఆ పీరియడుకు కావలసిన కాగితం, రంగులు మా 1984 బ్యాచ్ ప్రతి ఏటా ఇస్తుంది. మావాళ్లను అడగకుండానే చెబుతున్నాను, వెనక బెంచీల్లో వాళ్లు తలూపుతున్నారు కాబట్టి పరవాలేదు. నెలకో ఆదివారం పిల్లల్ని చిక్కడపల్లి మార్కెట్టుకి తీసుకెళ్లడానికి నేను వస్తాను. హార్లిక్స్ సీసా నేనే తెస్తాను.

ఒక్క షరతు. పెట్టెల్లో తెల్ల బిళ్ల మాత్రం మొదటిరోజే తీసేస్తాను.